ఉలి శిల్పి కాజాలదు: యంత్రమేధ, పేటెంటు, కర్తృవిచారం

కంచికచర్లకు తూర్పున అనతిదూరంలో కొండపల్లి ఉన్నది. అక్కడి శిల్పి తెల్లపొణికి కొయ్యను చేతికి తీసుకొని, ఉలితో చెక్కి, దశావతారాలను, అంబారీ ఏనుగును, తాటిచెట్టునెక్కే గీత కార్మికుణ్ణి వెలికి తెస్తాడు. ఉలి లేనిదే బొమ్మ లేదు. ఉలి మొద్దుబారితే బొమ్మ చెడుతుంది. అయినప్పటికీ ఆ బొమ్మను కొని ఇంటికి తీసుకువెళ్ళిన వాడెవడూ ఉలిని శిల్పి అని పిలువలేదు, ఉలిని తయారుచేసిన కమ్మరికి బొమ్మపై హక్కు ఉన్నదని వాదించలేదు. బాలురకు సైతం తెలిసిన ఈ కర్తృకరణభేదాన్ని గడచిన కొన్ని సంవత్సరాలుగా ప్రపంచంలోని ఉన్నత న్యాయస్థానాలు తీర్పుల ద్వారా నిర్ణయించవలసి వచ్చింది.

అమెరికాకు చెందిన స్టీఫెన్ థేలర్ అనే శాస్త్రజ్ఞుడు తాను నిర్మించిన 'డాబస్' అనే యంత్రవ్యవస్థ మానవసహాయం లేకుండానే రెండు వస్తువులను కనిపెట్టిందని ప్రకటించాడు. ఒకటి ఫ్రాక్టల్ ఆకృతి గల గోడలతో కూడిన ఆహారపాత్ర. రెండవది ఒక విశేషమైన లయలో మిణుకుమంటూ చూపరుల దృష్టిని ఆకర్షించే దీపం. పేటెంటు దరఖాస్తులో ఆవిష్కర్త పేరు వ్రాయవలసిన చోట ఆయన యంత్రం పేరు వ్రాసి అనేక దేశాలకు పంపాడు. లోతైన పరీక్ష లేని దక్షిణాఫ్రికా 2021 జూలైలో దానిని అంగీకరించింది. అదే మాసంలో ఆస్ట్రేలియాలో ఒక న్యాయమూర్తి అనుకూలంగా తీర్పు చెప్పగా, 2022లో పూర్ణధర్మాసనం ఆ తీర్పును కొట్టివేసింది. అమెరికా ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2022 ఆగస్టులోను, బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులోను ఒకే మాట చెప్పాయి: ఆవిష్కర్త మానవుడే కావాలి. భారతీయ పేటెంటు కార్యాలయం కూడా అభ్యంతరం తెలిపింది. 1970 నాటి మన చట్టంలోని 6వ సెక్షను దరఖాస్తు చేసే అధికారాన్ని నిజమైన, ప్రథమ ఆవిష్కర్తకు, ఆయన హక్కును పొందినవారికి ఇస్తున్నది. ఆ 'నిజమైన' అనే విశేషణం సార్థకమైనది.

ఇక్కడితో వివాదం సమాప్తమైనదని భావించేవారు పొరబడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన నాటి రాజ్యసభ సభ్యుడు వి. విజయసాయిరెడ్డి అధ్యక్షతన వాణిజ్యశాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీసంఘం 2021 జూలైలో తన 161వ నివేదికను సమర్పించింది. కృత్రిమ మేధకు, తత్సంబంధమైన ఆవిష్కరణలకు ఒక ప్రత్యేక హక్కుల వర్గాన్ని సృష్టించాలని, పేటెంటు చట్టాన్ని ఆ దృష్టితో పునఃపరిశీలించాలని అందులో సిఫారసు చేసింది. యంత్రాన్ని ఆవిష్కర్తగా ప్రకటించాలని ఆ సంఘం అనలేదు, ఆ మేరకు దానిపై దోషారోపణ అన్యాయమవుతుంది. కాని ప్రత్యేక వర్గం అనగా ఏమిటి? మానవకర్త ఎవరో చూపనవసరం లేకుండానే ఫలాన్ని మాత్రం ఒకరి సొత్తుగా నిర్ణయించే ద్వారం అక్కడ తెరుచుకుంటుంది. ఉన్న చట్టాలే చాలునని, ప్రత్యేక వర్గం అవసరం లేదని కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో చెప్పింది. సమాధానం సరియైనదే. కాని అందుకు హేతువు చట్టసౌకర్యం కాదు. హేతువు కర్తృత్వస్వరూపంలోనే ఉన్నది, దానిని గురించి మన శాస్త్రాలు విచారించినంతగా మరెవ్వరూ విచారించలేదు.

ఇది న్యాయవాదుల గొడవ, సాధకునికి దీనితో పనేమి అని ఎవరైనా అడగవచ్చు. పని ఉన్నది. బ్రహ్మసూత్రాలలో రెండవ అధ్యాయం, రెండవ పాదం ఆరంభంలోనే రచనానుపపత్త్యధికరణం వస్తుంది. అచేతనమైన ప్రధానమే జగత్తును రచించిందనే సాంఖ్యుల వాదాన్ని భగవత్పాదులు అక్కడ ఖండించారు. ఇళ్ళు, ప్రాసాదాలు, శయ్యలు మొదలైనవి ప్రజ్ఞ గల శిల్పులు లేకుండా రాళ్ళ వల్ల, మట్టి వల్ల వాటంతటవి ఏర్పడడం లోకంలో ఎక్కడా కనబడదు. కావున విచిత్రరచన గల ఈ జగత్తుకు చేతనుడే కారణం. ఇది ఆ వాదసారం. నేడు ఎవడైనా లేచి, "ఇదిగో, అచేతనయంత్రం చేతనుని ప్రమేయం లేకుండా నూతన రచన చేసింది, న్యాయస్థానం కూడా ఒప్పుకున్నది" అని చెప్పగలిగితే, ఆ అధికరణానికి ఆధారమైన లోకదృష్టాంతమే చెదిరిపోతుంది. ఆహారపాత్ర చిన్న వస్తువే. దాని వెనుక నిలిచిన ప్రతిజ్ఞ మాత్రం చిన్నది కాదు.

తార్కికుల పక్షం కూడా ఇంతే. తర్కసంగ్రహాన్ని రచించిన అన్నంభట్టు మనవాడు, ఆంధ్రుడు. ఆయన తన దీపికలో కర్తృత్వానికి మూడు అంగాలను చెప్పాడు. ఉపాదానద్రవ్యాన్ని గూర్చిన అపరోక్షజ్ఞానం, చేయవలెననే ఇచ్ఛ, ఆ ఇచ్ఛ వల్ల జనించే ప్రయత్నం. కుమ్మరికి మట్టి తెలుసు. కుండ కావాలని కోరిక ఉన్నది. చేయి కదులుతుంది. దండానికి, చక్రానికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేదు. అన్నంభట్టు ఈ లక్షణాన్ని చెప్పిన సందర్భం గమనించదగినది: ఆయన దీనితో ఈశ్వరుని జగత్కర్తృత్వాన్ని సాధిస్తున్నాడు. యంత్రానికి అనుకూలంగా ఈ లక్షణాన్ని సడలించినవాడు తనకు తెలియకుండానే ఆ అనుమానాన్ని కూడా సడలించినట్లే. పాణిని వైపు చూచినా, కారకప్రకరణంలో కర్త స్వతంత్రుడు, క్రియాసిద్ధికి అత్యంతోపకారకమైనది కరణం. ఎంత ఉపకారకమైనా కరణం కరణమే. ఉపకారం పెరిగి పెరిగి స్వాతంత్ర్యంగా మారడమనేది వ్యాకరణంలో లేదు.

మరి డాబస్ విషయమేమి? ఆ యంత్రాన్ని నిర్మించినవాడు చేతనుడు. దానికి మేతగా పడిన విషయసామగ్రి చేతనులు సంపాదించినది. దానిని నడిపినవాడు, దాని నుండి వెలువడిన అసంఖ్యాక రూపాలలో ఇది పనికివచ్చునని, అది పనికిరాదని వివేచించినవాడు, దానిని కాగితంపై పెట్టి పేటెంటు కార్యాలయానికి పంపినవాడు అందరూ చేతనులే. ఇన్ని చేతనవ్యాపారాల నడుమ ఉన్న ఒక అచేతనసోపానాన్ని వేరుచేసి చూపి, ఇదే కర్త అనడం చక్రం తిరుగుతున్నది గనుక చక్రమే కుమ్మరి అనడమే. రచనానుపపత్తికి ఇది ప్రతిదృష్టాంతం కాదు, మరొక దృష్టాంతం.

పూర్వపక్షంలో బలమైన వాదం ఒకటి మిగిలి ఉన్నది, దానిని దాటవేయరాదు. సాంఖ్యమతంలోను, వేదాంతంలోను మానవుని బుద్ధి కూడా జడమే కదా! అది ప్రకృతిపరిణామం. చైతన్యసాన్నిధ్యం వల్ల చేతనవలె భాసిస్తుంది. అట్టి జడబుద్ధి చేసిన కల్పనకు పేటెంటు ఇచ్చే చట్టం, సిలికాన్‌లో నిలిచిన జడబుద్ధికి ఎందుకు నిరాకరించాలి? పైగా గీతలో 18వ అధ్యాయం కేవలమైన ఆత్మను కర్తగా చూచేవాణ్ణి దుర్మతి అన్నది. మానవుడు కర్త కానప్పుడు యంత్రం కాకపోవడం గొప్ప విశేషమా?

వాదం చమత్కారంగా ఉన్నది. ఇందులోని మొదటి భాగం నిజమే, ఆ నిజమే సిద్ధాంతిని గెలిపిస్తుంది. తెలివి వేరు, తెలియడం వేరు అని ఈ దేశం ఎన్నో శతాబ్దాల క్రితమే నిర్ణయించుకున్నది. ఎంత సూక్ష్మమైన ఊహ అయినా, ఎంత చతురమైన రచన అయినా, అది బుద్ధివృత్తి. వృత్తి ఉన్నంతమాత్రాన దానికి సాక్షి ఉన్నాడని సిద్ధించదు. యంత్రం చతురంగం గెలిచిందని, ప్రోటీను ఆకృతిని ఊహించిందని విని కొందరు భయపడుతున్నారు, కొందరు మొక్కుతున్నారు. ప్రోటీను ఆకృతులను ఊహించే యంత్రవ్యవస్థను నిర్మించినందుకు 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అనే ఇద్దరు మనుష్యులకు లభించింది, వ్యవస్థకు లభించలేదు. బుద్ధినే ఆత్మ అనుకొనే అలవాటు ఉన్నచోట యంత్రబుద్ధి పెరిగినకొద్దీ కంగారు పెరుగుతుంది. బుద్ధి జడమని ముందే తెలిసినవానికి ఆ కంగారు ఎందుకు? రెండవ భాగం మాత్రం అపార్థం. అదే అధ్యాయం కర్మసిద్ధికి అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని ఐదు హేతువులను వేరువేరుగా లెక్కించింది. కర్తను, కరణాన్ని కలిపివేయలేదు. 'నేనే చేశాను' అనే అహంకారాన్ని తీసివేయడానికి చెప్పిన మాటను, కరణానికి కిరీటం పెట్టడానికి ఉపయోగించుకోవడం శాస్త్రద్రోహం. పారమార్థికదృష్టిలో ఎవడూ కర్త కాడు. ఆ దృష్టిలో పేటెంటు కూడా లేదు. వ్యవహారంలో పేటెంటు కావాలన్నవాడు వ్యవహారంలోని కర్తను కూడా చూపాలి. ఒక కాలు పరమార్థంలోను, ఒక కాలు పేటెంటు కార్యాలయంలోను పెట్టడం కుదరదు.

వ్యవహారంలో పేటెంటు స్వరూపమేమో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. అది బిరుదు కాదు, ఒడంబడిక. ఒక మనిషికి ఒక రహస్యం తెలిసింది. అతడు దానిని తనలోనే దాచుకొని, తనతోనే పోనీయగలడు. అట్లా పోయిన విద్యలు ఈ దేశంలో ఎన్ని! సమాజం అతనితో, "దాచకు, అందరికీ అర్థమయ్యేటట్లు వ్రాసి ఇవ్వు, ప్రతిగా 20 సంవత్సరాలు నీ అనుమతి లేకుండా ఇతరులెవరూ దానిని వాడుకోరు" అని మాట ఇస్తుంది. దాచుకోగల స్వాతంత్ర్యం ఉన్నవానితోనే ఈ ఒడంబడిక. యంత్రానికి దాచుకోవడం తెలియదు, వెల్లడించడం తెలియదు. ఇచ్చినందుకు సంతోషించదు, ఇవ్వనందుకు అలగదు. దానికి ఆశ పెట్టవలసిన పని లేనప్పుడు, ఆ ఆశ పేరుతో లోకులపై 20 సంవత్సరాల నిషేధం ఎవరికోసం? దాని యజమాని కోసం. వాదమంతా ఒలిచి చూస్తే లోపల కనబడేది ఇదే.

ఆవిష్కరణకు మూలం ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలంటే ఆలేరు వైపు చూడాలి. చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో పుట్టారు. టై అండ్ డై చీరకు ముందు ఆసు పోయాలి. ఒక మేకు నుండి అర్ధవలయాకారంలో నిలిపిన మేకుల వరకు దారాన్ని చేతితో చుట్టుతూ పోవాలి. ఒక్క చీరకు ఆ చేయి వేలసార్లు అటూ ఇటూ ఊగాలి. ఆయన తల్లి లక్ష్మి ఆ పని చేసి చేసి భుజం నొప్పితో బాధపడేవారు. పాఠశాల చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ యువకుడు ఏడేళ్ళపాటు అప్పులు, అవహేళనలు సహించి, 1999లో ఆ పనిని చేసే యంత్రాన్ని నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టారు. లక్ష్మీ ఆసుయంత్రానికి పేటెంటు లభించింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది. అన్నంభట్టు చెప్పిన మూడు అంగాలను ఇక్కడ వేలుపెట్టి చూపవచ్చు. దారం ఎట్లా సాగుతుందో, ఎక్కడ తెగుతుందో ఆ చేతికి అపరోక్షంగా తెలుసు. తల్లి బాధ తీరాలనే ఇచ్ఛ ఉన్నది. ఏడేళ్ళ ప్రయత్నం ఉన్నది. నేడు ఆసు గురించి అడిగితే యంత్రమేధ క్షణంలో పది నమూనాలను చెప్పవచ్చు. వాటిలో ఒకటి మల్లేశం నమూనా కంటే మెరుగుగా కూడా ఉండవచ్చు. కాని దానికి భుజం లేదు, తల్లి లేదు. అడిగినందువల్ల చెప్పింది, అడగకపోతే ఊరకుండేది. అడిగినవాడు ఎవరో, ఎందుకడిగాడో అక్కడ కర్తను వెదకాలి.

ఇక కంచికచర్ల మాట. మునేటి చుట్టుపట్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్టభూముల్లో నల్లరేగడిపై పత్తి, మిరప పండించే రైతుకు పేటెంటు అనే మాట న్యాయశాస్త్రగ్రంథం నుండి తెలియలేదు, విత్తనపు పొట్లం ధర నుండి తెలిసింది. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. నేలలో సహజంగా ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో ప్రవేశపెట్టిన విత్తనమది. కొద్ది సంవత్సరాలలోనే 450 గ్రాముల పొట్లం ధర 1,600 రూపాయలు దాటింది. అందులో సగానికి మించి విత్తనానికి కాదు, అందులోని జన్యులక్షణానికి చెల్లించే రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రుసుముపై ఎమ్మార్టీపీ కమిషనును ఆశ్రయించి, పొట్లం ధరను 750 రూపాయలకు దించింది. ఇందులో విచిత్రమేమంటే, బోల్‌గార్డ్-1గా పేరొందిన ఆ తొలి లక్షణానికి భారతదేశంలో పేటెంటే లేదు. తరువాతి బోల్‌గార్డ్-2 పేటెంటుపై మోన్‌శాంటోకు, నూజివీడు పేరు పెట్టుకున్న మన తెలుగు విత్తనసంస్థకు మధ్య వ్యాజ్యం సాగింది. విత్తనాలకు, మొక్కలకు పేటెంటు కూడదనే 3(జె) సెక్షనును అనుసరించి 2018లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి విచారణను వెనుకకు పంపింది. 2021లో ఉభయపక్షాలు రాజీపడ్డాయి. మూలప్రశ్నకు సమాధానం రానేలేదు. ఈలోగా గులాబీరంగు పురుగు బోల్‌గార్డ్-2ను కూడా తట్టుకొని పత్తికాయలోకి దూరింది. రుసుము పుచ్చుకున్నవారు పురుగుకు జవాబు చెప్పలేదు. మందు కొట్టింది రైతు, నష్టపోయిందీ రైతే.

అది మనుష్యులు ప్రయోగశాలలో సంవత్సరాలు శ్రమించి చేసిన ఒక్క జన్యులక్షణపు కథ. యంత్రమేధ ఒక్క రాత్రిలో వేలాది జన్యుక్రమాలను ప్రతిపాదించగలదు. ఆ ప్రతిపాదనలన్నిటినీ మానవకర్త ప్రసక్తి లేని ప్రత్యేక వర్గం కింద ఒక సంస్థ తన పేర వ్రాయించుకున్నదనుకుందాం. వాటిలో ఏ ఒక్కటి రేపు పత్తికో, మిరపకో పనికివచ్చినా, దానిని తన స్వంతబుద్ధితో కనుగొన్న గరికపాడు కృషివిజ్ఞానకేంద్రంలోని శాస్త్రజ్ఞుడు కూడా ఆ సంస్థ వాకిట నిలబడవలసి వస్తుంది. చేయక ముందే చేసినట్లు, విత్తక ముందే కోసినట్లు అవుతుంది వ్యవహారం. కర్త లేని చోట ఫలానికి భోక్త ఉన్నాడు, దోషానికి మాత్రం భోక్త లేడు. చేసినవాడే అనుభవించాలనే కర్మసిద్ధాంతం ఏ నాస్తికదర్శనం చేతిలోను ఇంత చక్కగా ఓడిపోలేదు.

దోషం విదేశీసంస్థలదే అనుకొని సంతృప్తి చెందనవసరం లేదు. పేటెంటు దరఖాస్తు దాఖలైన 18 నెలలకు, యోగ్యత ఉన్నా లేకపోయినా, సాధారణంగా ప్రచురితమవుతుంది. ప్రచురణ వేరు, మంజూరు వేరు. కాని జాతీయస్థాయి కళాశాలల ర్యాంకుల లెక్కలో ప్రచురితమైన వాటికి కూడా స్థానం కల్పించారు. 2021లో విద్యాసంస్థలకు రుసుమును 80 శాతం తగ్గించారు. సదుద్దేశమే. దానికి ఇప్పుడు యంత్రమేధ తోడైనది. అడిగిన గంటలో వివరణపత్రాన్ని, హక్కుల పట్టికను, చిత్రాల వర్ణనను వ్రాసి ఇస్తుంది. ఆ పత్రం కింద నిజమైన, ప్రథమ ఆవిష్కర్తలమని ఒకరో, ఎనమండుగురో సంతకాలు పెడితే, అది డాబస్ కంటే హీనం. థేలర్ కనీసం తాను కనిపెట్టలేదని చెప్పాడు. యంత్రాన్ని కర్త అనడం అజ్ఞానం; యంత్రం చేసినదానిని తాను చేశానని సంతకం పెట్టడం అసత్యం. ఉదయం సహస్రనామపారాయణ చేసి మధ్యాహ్నం ఆ సంతకం పెట్టే అధ్యాపకుడు యమనియమాలలో సత్యాన్ని, అస్తేయాన్ని ఏ గంటలో అభ్యసిస్తాడో!

మరొక వర్గం వారు ఉన్నారు. తాళపత్రాలన్నిటినీ యంత్రానికి చదివిస్తే ఋషులు దాచిన ఆవిష్కరణలన్నీ బయటపడతాయని, వాటికి మనమే పేటెంట్లు తీసుకోవచ్చని వారి ఉత్సాహం. 1995లో పసుపు గాయాన్ని మాన్పుతుందనే విషయానికి అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు పొందినప్పుడు, మన సీఎస్ఐఆర్ ప్రాచీనగ్రంథప్రమాణాలను చూపి 1997లో దానిని రద్దు చేయించింది. ఇది పూర్వులు ఎరిగినదే, కనుక ఎవరి సొత్తూ కాదు అనేదే అప్పటి వాదం. ఆ అనుభవం నుండే సంప్రదాయవిజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయం పుట్టింది. చట్టంలోని 3(పి) సెక్షను కూడా అదే చెబుతుంది. అదే పసుపును యంత్రం చేత కొత్త మాటల్లో చెప్పించి మనం పేటెంటు అడిగితే, నాడు గెలిచిన వాదాన్ని నేడు మన నోటితోనే ఓడించుకున్నట్లు. ఈశావాస్యం మొదటి మంత్రంలోనే ఇది ఎవరి ధనమని నిలదీసింది. ఆ ప్రశ్న పరదేశీయులకు మాత్రమే వర్తించేది కాదు.

యంత్రాన్ని వాడరాదని ఎవరూ అనడం లేదు. కొండపల్లి శిల్పి పదునైన ఉలిని వదులుకోనక్కరలేదు. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2024 జూన్‌లో చెప్పిన తీర్పు ధర్మానికి సన్నిహితంగా ఉన్నది: ఆవిష్కర్తగా మనిషి పేరే వ్రాయాలి, యంత్రసహాయం పొందినట్లు పక్కన చెప్పుకోవచ్చు. భారతదేశంలో ఆవిష్కర్తృత్వాన్ని ప్రకటించే పత్రానికి 5వ ఫారం అని పేరు. అందులో పేరు, జాతీయత, చిరునామా వ్రాయాలి, సంతకం చేయాలి. ఏ యంత్రం సహాయం తీసుకున్నారు, అది ఇచ్చినదేమి, దానిపై మీరు చేసినదేమి అని అడిగే గడి ఒక్కటి కూడా అందులో లేదు. ప్రత్యేక హక్కుల వర్గాన్ని గురించి యోచించిన పార్లమెంటు సంఘాలు ముందుగా ఆ గడిని చేర్పించవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు, నియమావళిలో సవరణ చాలును.